గోనె మీద గుండ్లపేరు

కంసాలి దొంగ అని లోకం అంటుంది. నేను కాదనను. మా తాత తీశాడు, మా నాన్న తీశాడు, నేనూ తీశాను. తులానికి గురివింద గింజలో పావు వంతు ఎత్తు, మనిషి మెతకగా కనిపిస్తే సగం. అంతకు మించి తీసేవాడు దొంగ, అదీ తియ్యలేనివాడు చేతకానివాడు అని మా నాన్న చెప్పేవాడు. ఆయనే నాకు సత్యం అని పేరు పెట్టాడు. పెట్టేటప్పుడు మొహం ఎలా పెట్టాడో మా అమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

తియ్యడం పెద్ద విద్యేమీ కాదు. తలకి ఆముదం దట్టంగా పట్టించాలి. నగని ఆకురాయితో అరగదీస్తున్నప్పుడు వేళ్ళకి బంగారపు పొడి అంటుతుంది. ఆ వేళ్ళతో మధ్యమధ్య తల గోక్కోవాలి. సాయంత్రం ఇంటికి వెళ్ళి ఇత్తడి పళ్ళెంలో తల దువ్వుకుంటే పొడి రాలుతుంది. పెళ్ళైన కొత్తలో మా ఆవిడ నాగమణి అది చూసి చుండ్రు అనుకుని కుంకుడుకాయలు నానబెట్టింది.

నా దుకాణం కురుపాం మార్కెట్ వెనక సందులో. ఆరడుగుల వెడల్పు. గోడకి ఒక పక్క కామాక్షమ్మ పటం, ఇంకో పక్క గోల్డ్ కంట్రోలు వాళ్ళిచ్చిన సర్టిఫికెట్టు. రెండింటికీ రోజూ అగరుబత్తి వెలిగించేవాణ్ణి. ఎవరికి ఎప్పుడు కోపం వస్తుందో తెలీదు కదా. నా ఖాతాదార్లలో సగం మంది పోర్టు గుమాస్తాల భార్యలు, సగం మంది జాలరిపేట ఆడవాళ్ళు. గుమాస్తాల భార్యలు నెల మొదటివారంలో వస్తారు. జాలరిపేట వాళ్ళు వేట బాగా పడినప్పుడు వస్తారు. నిజం చెప్పాలంటే మా ఇంట్లో పొయ్యి వెలిగేది జాలరిపేట వల్లనే.

పోతమ్మ వచ్చింది డెబ్భై తొమ్మిది మాఘమాసంలో. యాభై ఏళ్ళ మనిషి. తెల్లవారుజామున ఒడ్డున చేపలు వేలం పాడుకుని, గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి అమ్ముకుని, పదకొండు గంటలకు ఖాళీ గంపతో మా సందులోకి తిరిగింది. ఆవిడ కంటే ముందు ఆవిడ వాసన వచ్చింది. ఎదుటి దుకాణం కన్నబాబు, వాడూ కంసాలే, ముక్కు మూసుకుని ఆవిడకి నా దుకాణం చూపించాడు. బంగారానికి వాసన ఉండదు కనుక నేను లోపలికి రమ్మన్నాను.

కొంగు ముడి విప్పి చాప మీద పోసింది. అరిగిపోయిన చెవికమ్మలు, తెగిన మెడనాను ముక్క, వంకరపోయిన రెండు ఉంగరాలు, ఒక కాసు.

"గుండ్లపేరు సెయ్యాలి బావూ. ముప్పయ్యారు గుండ్లు. ఒక్కో గుండుకి రెండు కొసలా ఆవాలంత సిన్న పూసలు సుట్టాలి."

"ఎవరికి, కూతురికా?"

"నాకే. ఏటి, నాది మెడ కాదేటి? ముప్పై ఏల్లు గంప మోసింది ఇదే."

అలాంటి జవాబు అంతకు ముందు ఏ ఆడమనిషీ నాకు చెప్పలేదు.

తరుగు ఎంత అని అడిగింది. తులానికి ఇంత పోతుంది అని చెప్పాను.

"నా ఎదర సేత్తే తరుగేటి? బంగారం ఏటి కర్పూరమా, గాల్లో కలిసిపోడానికి?"

అప్పుడు షరతులు పెట్టింది. ఆవిడ ఎదురుగా కూర్చున్నప్పుడే పని చెయ్యాలి. ఆవిడ లేచిందంటే బంగారం మొత్తం ఆవిడ రేకు డబ్బాలో పడాలి, డబ్బా ఆవిడతో ఇంటికి వెళ్ళాలి. తూకానికి నా గురివింద గింజలు పనికిరావు, ఆవిడ తెచ్చుకున్న గింజలే వాడాలి. ఇవన్నీ ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు పెట్టిన షరతులే. ఆఖరిది మాత్రం కొత్తది. గంప మీద కప్పే గోనెసంచీ తీసి నా దాగలి దిమ్మకి ముందు పరిచింది.

"అరగదీసినప్పుడల్లా దీని మీదే అరగదియ్యాల. నీ సాప మీద రాల్తే నీది. నా గోనె మీద రాల్తే నాది."

ఈవిడకి ముందే ఎవరో పాఠం చెప్పి పంపారు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అన్నారా. ఒప్పుకున్నాను. వేట బాగా పడని రోజులు, చేతిలో పనీ లేదు.

మొదటి రోజు కరిగించాం. మట్టి మూసలో ముక్కలు వేసి, పైన చిటికెడు వెలిగారం చల్లి, కుంపట్లో పెట్టి గొట్టంతో ఊదాను. బంగారం కరిగేటప్పుడు ముందు మొండికేస్తుంది, తర్వాత ఒక్కసారిగా ఒప్పుకుంటుంది. మలినమంతా వెలిగారంతో పక్కకి పోయాక అడుగున ఎర్రగా కదులుతూ కనిపించింది. పోతమ్మ మూసలోకి ఎంత వంగిందంటే కనుబొమలు కాలాయి. చల్లార్చి తూచాం. సరిగ్గా మూడు తులాలు. ఇద్దరం ఒప్పుకున్నాం.

రెండో రోజు దాగలి మీద పెట్టి రేకు సాగదీశాను. కాసేపు కొట్టి, నిప్పుల్లో కాల్చి, మళ్ళీ కొట్టాలి. కాల్చకుండా కొడితే పగులుతుంది. తల మీద చెమట పట్టి అలవాటు కొద్దీ చెయ్యి పైకి వెళ్ళింది.

"ఏటి బావూ, పేలా?" అంది.

"చెమట."

మర్నాడు ఒక తువ్వాలు తెచ్చింది. వాళ్ళాయన పడవ మీద తలకి చుట్టుకునేది. నా నెత్తికి తనే చుట్టి, వెనక వలకి వేసినట్టు ముడి వేసింది. ఎదురుగా కన్నబాబు నవ్వాపుకోలేక కుంపటి ఆర్పేసుకున్నాడు. నాలుగు రోజులు నేను చేపల వేటకి బయలుదేరినవాడిలా కూర్చుని బంగారం పని చేశాను.

రేకుని పావలా బిళ్ళంత చక్రాలుగా కత్తిరించాను. కంచు అచ్చులో గుంటలుంటాయి. ఒక్కో చక్రాన్ని ఒక్కో గుంట మీద పెట్టి చిన్న సుత్తితో తడితే దొన్నెలా లోపలికి దిగుతుంది. రెండు దొన్నెలు మూతి మూతి కలిపి టంకం పెడితే ఒక గుండు. ముప్ఫయ్యారు గుండ్లకి డెబ్భై రెండు దొన్నెలు. పోతమ్మ అన్నీ లెక్కపెట్టింది, రోజుకి రెండుసార్లు. అతుకు పైకి తేలుతుంది కనుక ఆకురాయితో అరగదియ్యాలి. అది గోనె మీద. సాయంత్రం పంది వెంట్రుకల బ్రష్షుతో గోనె దులిపి, రాలిన పొడి కాగితంలోకి ఎత్తి ఆవిడ చేతికిచ్చేవాణ్ణి. ఆవిడ గోనెని వెలుతురుకి ఎత్తి చూసి, చుట్టి చంకలో పెట్టుకుని వెళ్ళేది.

అయిదో రోజు ఆవపూసలు. అసలు విద్య ఇక్కడుంది, ఇది నాకు వచ్చినంత బాగా కన్నబాబుకి రాదు. సన్నటి తీగని గింజల్లా తెగ్గోసి, ఒక్కో తునకనీ బొగ్గు మీద పెట్టి మంట ఊదాలి. ఆ తునక కాసేపు ఎర్రబడి, ఉన్నట్టుండి తనంతట తానే గుండ్రంగా ముడుచుకుంటుంది. ఎవరూ చెయ్యి పెట్టక్కర్లేదు. అది మొదటిసారి చూసి పోతమ్మ లెక్కపెట్టడం మానేసింది.

"ఇంకోటి సెయ్యి," అంది.

చేశాను. "ఇంకోటి," అంది. ఆ రోజంతా అదే. నా పనిని అంత ఇష్టంగా చూసినవాళ్ళు ఎవరూ లేరు. దొంగతనం కోసం కాపలా కాయడానికి వచ్చినవాళ్ళే అందరూ, ఈవిడతో సహా. కానీ ఆ రోజు మాత్రం ఈవిడ కాపలా మర్చిపోయింది. ఆ సంగతి నాకు తెలుస్తూనే ఉంది. గింజ ఎత్తు తీసినా తెలిసేది కాదు. తియ్యలేదు. ఎందుకు తియ్యలేదంటే సిగ్గేసింది. ముప్ఫయ్యేళ్ళ వృత్తిలో నేను ఏమీ తియ్యకుండా చేసిన నగ ఆ ఒక్కటే.

ఆరో రోజు గుండ్లన్నీ అయ్యాయి. బోలు గుండ్లు నొక్కుకుపోకుండా లోపల లక్క నింపుతాం. లక్కతో తూచకూడదు, ముందే తూచాలి అంది పోతమ్మ. సరే అన్నాను. తియ్యని వాడికి భయం దేనికి. గుండ్లు, మిగిలిన తునకలు, కాగితాల్లోని పొడి అంతా త్రాసులో పోశాం. టంకంలో కలిపిన రాగి లెక్క తీసేశాం.

రెండు గురివింద గింజల ఎత్తు తక్కువ.

ఇంకోసారి తూచాం. రెండు గింజలు తక్కువ. పోతమ్మ అరవలేదు. "తలపాగా ఇప్పు," అంది. విప్పాను. జుట్టు పాయలు పాయలుగా విడదీసి చూసింది. గోళ్ళు చూసింది. నోరు తెరవమంది, తెరిచాను. ఏమీ దొరకలేదు. ఉన్నదంతా రేకు డబ్బాలో పోసుకుని, గోనె చుట్టుకుని, ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళిపోయింది. తిడితే బాగుండేది.

"నా దగ్గరున్నది రెండు గింజలు కలిపేస్తాను" అని వెనకాలే వెళ్ళి చెప్పాను. ఆవిడ ఆగింది.

"కలిపీత్తే దొంగతనం పోద్దేటి?"

మర్నాడు ఎల్లాజీ వచ్చాడు. ఆవిడ మరిది, పేటకి పెద్దమనిషి. చొక్కా లేదు, చేతికి గడియారం ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆదోరం పేటలో కూర్సుంటాం. ఆ రెండు గింజలూ ఎటెల్లినాయో అందరి ఎదరా సెప్పాల నువ్వు. సెప్పలేకపోతే మా పేట ఆడది ఒక్కర్తి కూడా నీ కొట్టు గడప తొక్కదు. ఈ పేటే కాదు బావూ, మంగమారిపేట దాకా కబురంపుతాను."

నా పొయ్యి వెలగడం వెలగకపోవడం ఆ ఆదివారం మీద పడింది. అంతకంటే మంట ఎక్కడంటే, తియ్యనప్పుడు పట్టుబడ్డాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఇంటికెళ్ళి మొట్టమొదట పళ్ళెం తెమ్మని తల దువ్వుకున్నాను. చెయ్యి నాకు తెలీకుండా అలవాటు కొద్దీ పని చేసిందేమో అని. ఒట్టి ఆముదమే అంటింది.

నాగమణి తలుపు దగ్గర నుంచుని చూసింది. "నిజంగా తియ్యలేదేటి?" అంది.

"లేదు."

"నా మీద ఒట్టు?"

"నీ మీద ఒట్టు."

"సర్లే," అని లోపలికి వెళ్ళింది. నమ్మలేదని నడకలోనే తెలిసింది.

గుట్టు విప్పింది సన్యాసమ్మ. మల్కాపురం నుంచి నెలకోసారి వచ్చి కంసాలి కొట్ల తుడుపు మట్టి కొనుక్కుంటుంది. అదంతా పళ్ళాల్లో కడిగితే ఆవిడకి కాస్త బంగారం దిగుతుంది. శుక్రవారం వచ్చి నా మట్టి చేతిలో ఆడించి చూసి కింద పోసేసింది.

"ఏటి బావూ, ఈ నెల మీ కొట్టులో ఒట్టి మన్నే ఉంది. పని సెయ్యనేదా?"

"ఆరు రోజులు ఒళ్ళొంచి చేశాను."

"అయితే ఎక్కడ పారబోసినారు?"

అప్పుడు తట్టింది. పని చేస్తే ఎక్కడో అక్కడ రాలాలి. చాప మీద రాలలేదు. రాలింది గోనె మీద. జనపనార గోనె, నూగు నూగుగా ఉంటుంది, పైగా చేపల నీళ్ళు పీల్చి జిగటగా ఉంది. బ్రష్షుతో దులిపితే పైపై పొడి రాలుతుంది గానీ నూగులో దిగినది రాలదు. మరి కంటికి కనపడలేదేం అంటే, ఆ గోనె నిండా చేప పొలుసులు. వెలుతురుకి ఎత్తితే మొత్తం మిలమిలమంటుంది. అందులో ఏది పొలుసో ఏది బంగారమో దేవుడికే తెలియాలి. నా చాప దొంగదని చెప్పి తన గోనె తెచ్చింది. నా చాప కంటే పెద్ద దొంగ అదే.

గోనె కాల్చి చూపిస్తానని ఎల్లాజీకి కబురు పెట్టాను. సరే అన్నాడు.

ఇక్కడిదాకా నేను చెప్పినదంతా నిజం. నిజమని నాకు తెలుసు. అయినా ఆదివారం పొద్దున్న బయలుదేరేటప్పుడు గడప దాకా వచ్చి వెనక్కి తిరిగాను. ఆ గోనెని పోతమ్మ ఎన్నిసార్లు తడిపిందో, ఎన్నిసార్లు ఒడ్డున దులిపిందో. కాలిస్తే ఏమీ రాకపోతే? గూట్లో అగ్గిపెట్టె ఉంది. అందులో ఆ ఏడాది పళ్ళెంలో రాలినదంతా కరిగించిన ఉండ ఉంది. సుమారు నలభై మందిది. అందులోంచి సరిగ్గా రెండు గింజల ఎత్తు తెగ్గోసి, ముక్కలు చేసి, వెలిగారం పొడిలో కలిపి పొట్లం కట్టుకున్నాను. కాలగానే రెండు గింజలు వస్తాయి, లెక్క సరిపోతుంది, అందరూ నవ్వుకుంటారు, గొడవ తీరిపోతుంది. చాలా తెలివైన పని చేశాననుకున్నాను.

పేటలో రామమందిరం అరుగు ముందు వందమంది దాకా ఉన్నారు. ఆదివారం వేట లేదు గదా, వాళ్ళకీ కాలక్షేపం కావాలి. కన్నబాబు కూడా వచ్చాడు, నా మొహం చూడ్డానికి. పోతమ్మ గోనె తెచ్చి ఇనప బాండీలో పెట్టింది. ఎల్లాజీ అంటించాడు. ఆ పొగ గురించి చెప్పను. పిల్లులు నాలుగు వచ్చాయి.

బూడిద చల్లారాక పళ్ళెంలో వేసి నీళ్ళు పోసి తిప్పాను. బూడిద తేలి పోయింది, అడుగున నల్లటి నలక మిగిలింది. దాన్ని వెంట తెచ్చుకున్న మూసలోకి ఎత్తి, పొట్లం విప్పి వెలిగారం వేసి, ఊదాను. అంతమంది ఉన్నా ఒక్కడూ దగ్గలేదు. బాగా ఊదాక మూస వంచితే దాగలి మీద పచ్చటి బొట్టు పడింది. జనం హమ్మయ్య అన్నారు. నేను కూడా అన్నాను.

ఎల్లాజీ తనే త్రాసు పట్టుకున్నాడు. పోతమ్మ గింజలే వేశాడు. ఒకటి, రెండు. త్రాసు లేవలేదు. మూడోది వేశాడు. లేవలేదు. ఆఖరికి మూడున్నర దగ్గర ఆగింది.

నా బుర్రలో లెక్క వెంటనే తేలింది. రెండు నావి. ఒకటిన్నర గోనెవి. అంటే గోనెలో నిజంగానే ఉంది. నేను నిజమే చెప్పాను. ఊరంతా నన్ను నమ్మకపోవడం సరే, ముందుగా నమ్మనివాణ్ణి నేనే.

"రెండు పోనాయన్నారు," అన్నాడు ఎల్లాజీ. "మూడున్నర ఎలగొచ్చినాయి?"

ఏం చెప్పను? దొంగకి తేలు కుట్టినట్టయింది. ఎల్లాజీ గుచ్చి గుచ్చి చూస్తున్నాడు. కన్నబాబు మొహంలో అప్పుడే ఉగాది వచ్చేసింది.

"ఆ గోనె నాది," అంది పోతమ్మ, గుంపులోంచి. "నిరుడు కన్నబాబు కొట్లో కూడా పరిసినాను. మా పిల్ల సీతాలుకి సెవిపోగులు సేయించినప్పుడు. అప్పటిది కూడా ఉండుంటాది."

కన్నబాబు నోరు తెరిచాడు. ఆ చెవిపోగులు వాడు చేసిన మాట నిజం, గోనె పరిచిన మాట అబద్ధం. గోనె పరచలేదు అంటే, మరి ఆ పొడి ఎటు పోయింది అని అడుగుతారు. సీతాలు ఎదురుగానే ఉంది, చెవులకి పోగులతో సహా. త్రాసు ఎల్లాజీ చేతిలోనే ఉంది. కన్నబాబు తెరిచిన నోరు మూసుకున్నాడు.

ఎల్లాజీ ఒక్క క్షణం ఆలోచించి నవ్వాడు. "అయితే గోనెని దొంగతనానికి పట్టుకోవాల. అదీ కాలిపోయింది," అన్నాడు. అందరూ నవ్వారు. నా పొయ్యి మిగిలింది.

సోమవారం పదకొండు గంటలకి పోతమ్మ వచ్చింది. కొత్త గోనె తేలేదు. నా చాప మీదే కూర్చుని, రేకు డబ్బా ముందు పెట్టింది. గుండ్లలో లక్క నింపాను. చింతపండు, కుంకుడు రసంలో మెరుగు పెట్టాను. పట్టుతాడు మీద ముప్ఫయ్యారూ గుచ్చాను. మెడలో వేసుకుని అద్దం అడిగింది. అరిగిపోయిన జాకెట్టు మీద, ఎండకి కమిలిన మెడ మీద ఆ గుండ్లపేరు ఎంత బాగుందో నేను చెబితే గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది. బాగుంది.

తర్వాత కొంగు విప్పి ఆ బంగారపు బొట్టు దాగలి మీద పెట్టింది.

"దీన్లో ఒకటిన్నర నాది. తెగ్గోసి ఇయ్యి. అర గింజ నా సేతుల్తో నానే ఒడ్డున దులిపీసుంటాను, పోతే పోయింది. రెండు నీవి."

నేను ఆవిడ మొహం చూడలేదు. ఎలా తెలిసిందని అడిగాను.

"ఆరు రోజులు నీ సేతులే సూసినాను బావూ. ఎలిగారం ఎప్పుడూ మూడేల్లతో సిటికెడు ఏత్తావు. నిన్న పొట్లం బోర్లించీసినావు."

"మరి అక్కడే ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే నిన్ను తన్నీసి ఎల్లగొట్టీసీవోల్లు. నా గుండ్లపేరు ఎవడు పూర్తి సేత్తాడు? ఆ కన్నబాబా?" మెడలో గుండ్లు సవరించుకుని మళ్ళీ అంది. "నువ్వు తియ్యనేదు. గోనె సెప్పింది గదా. తియ్యనోడివి తీసినోడిలాగ ఎందుకు సేసినావు?"

ఒకటిన్నర తెగ్గోసి ఇచ్చాను. మిగిలిన ముక్క కూడా తీసుకోమన్నాను, నన్ను కాపాడినందుకు.

"దొంగసొమ్ము నాకెందుకు? ఎవలి కాడ తీసినావో ఆల్లకే ఇచ్చీ."

"ఎవరికని ఇవ్వను? నలభై మందిది. అందరిదీ కలిపి కరిగించేశాను."

"అయితే నలబైమందికీ ఇయ్యి," అని గంప నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. కొత్త నగ కనపడేలా ఆ రోజు కొంగు పక్కకి తప్పించుకుంది.

ఆ ముక్క వారం రోజులు నన్ను పని చేసుకోనివ్వలేదు. అగ్గిపెట్టె తెరిచి చూడ్డం, మళ్ళీ మూయడం. ఆఖరికి సరే అనుకున్నాను. మొదట వచ్చినవాళ్ళతో మొదలు పెడదాం అనుకున్నాను. వచ్చింది భీమశంకరరావుగారు. పోర్టు ట్రస్టులో హెడ్ గుమాస్తా, కోనసీమ మనిషి. భార్య కాంతంగారి గొలుసు తెగితే అతకడానికి తెచ్చారు. అంతకు ముందు అయిదు నగలు చేశాను వాళ్ళకి, అయిదింట్లోనూ తీశాను. గొలుసు అతికి, కొక్కెం వెనక పావు గింజ ఎత్తు బంగారం కనపడకుండా కలిపాను. ఇచ్చి పంపాక గుండె తేలికపడింది. ఆ సాయంత్రం నాగమణికి మల్లెపూలు కొన్నాను.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళే వేళకి ఆయన గొలుసు పట్టుకుని వచ్చారు. మొహం కందిపోయి ఉంది.

"ఏవయ్యా సత్యం, బయట తూయించాను. బరువు పెరిగింది."

"పెరిగితే మంచిదే కదండీ."

"కంసాలి చేతిలో బంగారం పెరగడం నా యాభై ఏళ్ళలో వినలేదు. ఏం కలిపావు? రాగా?"

"కాదండీ. బంగారమే."

"ఎవరి బంగారం?"

నిజం చెబుదామనిపించింది. ఆ మధ్య నిజం మీద కాస్త ధైర్యం వచ్చింది నాకు. "మీదేనండీ. ఇదివరకు మీ నగల్లో తీసింది కొంత తిరిగి పెట్టాను," అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "వేళాకోళాలు ఇంటి దగ్గర ఆడుకో. నా ఎదురుగా తీసెయ్," అన్నారు.

కుంపటి రాజేశాను. కొక్కెం ఊడదీసి, నేను కలిపిన ముక్క మంటలో విడదీసి, పట్టకారుతో లాగి చాప మీద పెట్టాను. కళ్ళు మండాయి. పొగ కాదు, ఏడుపే. ఆయన గొలుసు తూయించుకున్నారు. సరిగ్గా పాత బరువు వచ్చింది. మొహం విప్పారింది.

ఆయన బంగారం ఆరోసారి తీశాను, ఈసారి ఆయన కళ్ళెదుట. భీమశంకరరావుగారు నా భుజం తట్టి, "ఇలా నిజాయితీగా ఉండాలయ్యా" అని ఆఫీసుకి వెళ్ళిపోయారు.